గోధుమ యెవరికి పడును? ఎవరికి పడదు?



నేను వైద్యుడను కాను. ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. చిన్ననాడు మా పెదతండ్రిగారి యొద్ద కావ్యములును, కొంత వ్యాకరణమును, వాగ్భటుని గ్రంథమున కొన్ని అధ్యాయములును చదివితిని. ఇట్టివాడు గోధుమలను గుఱించి ప్రసంగించుట యేమని మీరనవచ్చును. మా యింట నాలుగేండ్లనుండి ఈ ధాన్యము చుట్టును జరుగుచున్న చర్చయే నన్నిచ్చటికి తెచ్చినది. నేను చేసిన పొరపాటొకటి గూడ ఇందు చెప్పవలసియున్నది. దానిని దాచి తక్కినది చెప్పుట న్యాయము కాదు.

మా యూరి రచ్చబండకడ సాయంకాలము కూర్చుండు పెద్దలలో సగముమంది రాత్రిపూట అన్నము మానినారు. షుగరు వచ్చినదని యొకరు చపాతీలకు దిగిరి. ఒళ్ళు తగ్గవలెనని మఱియొకరు దిగిరి. ఇంతలో సంక్రాంతికి పట్టణమునుండి మనుమలు వచ్చి, "తాతయ్యా! బొజ్జకు మూలము గోధుమే. అందులో గ్లూటెన్ ఉన్నది. మేము మానివేసినాము" అని చెప్పుదురు. తాత అన్నము విడిచి గోధుమను పట్టుకొనెను; మనుమడు గోధుమ విడిచి అన్నమును పట్టుకొనెను. ఇద్దఱును కోరునది యొక్కటే, నడుము సన్నబడుట. ఎవరి మాట నిజమని నన్నడుగువారు కలరు. నేను తెలిసికొన్నంతవఱకు ఇద్దఱి మాటయు సగము సగమే నిజము. ఆ సగములెక్కడనో చూచుటకు ముందు గ్లూటెన్ అనునది యేమో తెలియవలెను.

ఇందులకు ప్రయోగశాల యక్కఱలేదు. గుప్పెడు గోధుమపిండిని ముద్దచేసి పావుగంట నాననిచ్చి, గిన్నెడు నీళ్ళలో మెల్లగా పిసుకుచు కడుగుడు. నీళ్ళు పాలవలె తెల్లనగును. అది పిండిపదార్థము. నీరు మార్చి మార్చి కడుగగా తుదకు చేతిలో జిగురుముద్ద యొకటి మిగులును. లాగినచో సాగును, వదలినచో ముడుచుకొనును. ఇదియే గ్లూటెన్, గోధుమజిగురని మనము చెప్పుకొనవచ్చును. ఇటలీ దేశమున బొలోన్యా పట్టణపు పండితుడు బెక్కారి యనునాయన 1728లో ఈ విధముగనే పిండిని కడిగి ఈ పదార్థమును వేఱుచేసి చూపెను. ఆయన వ్రాసినది 1745లో అచ్చుపడినది. గోధుమలోని మాంసకృత్తులలో పెద్దభాగ మిదియే.

వంటయింటి స్త్రీలకు ఈ సంగతి బెక్కారికంటె ముందే చేతులకు తెలియును. బొబ్బట్లకు పిండి కలిపి నూనెలో నానవేసినచో అది పలుచని గుడ్డవలె సాగి లోని పూర్ణమును పట్టియుంచును. జొన్నపిండి యట్లు సాగునా? సాగదు. కాగిన నీళ్ళతో కలిపి, అరచేత తట్టి తట్టి, చిట్లకుండ పెనముపై వేయవలెను. ఆ నేర్పంతయు జొన్నలో జిగురు లేకపోవుటచేత ఏర్పడినదే. సజ్జలు, రాగులు, కొఱ్ఱలు, బియ్యము, మొక్కజొన్న, వీనిలో నెందును ఈ జిగురు లేదు. గోధుమలోను, యవలలోను, మన దేశమున అరుదైన రై యను ధాన్యములోను మాత్రము కలదు.

ఇక ఇది కడుపులో నేమగును? మనము తినిన మాంసకృత్తులను జీర్ణరసములు చిన్నచిన్న తునుకలుగా కోసి, రక్తము గ్రహించుటకు తగినట్లు చేయును. గోధుమజిగురు కొంచెము మొండిది. దాని నిర్మాణములో ప్రోలీన్ అను అంశము ఎక్కువగా నుండుటచేత జీర్ణరసముల కత్తి కొన్నిచోట్ల తెగదు; కొన్ని పొడవైన తునుకలు అట్లే మిగులును. నూటికి తొంబదిమందికి పైగా ఇందువలన చిక్కులేదు. అవి వచ్చిన దారిని పోవును. కాని కొందఱికి, పుట్టుకతో వచ్చిన కొన్ని గుణములుగలవారికి, ఆ తునుకలను జూచి శరీరములోని కావలివారు శత్రువు ప్రవేశించెనని భ్రమపడుదురు. పడి, తమ పేగునే కొట్టుదురు.

మన చిన్నప్రేగు ఇంచుమించు ఇరువదియడుగుల పొడవు. దాని లోపలి గోడ నున్నగా నుండదు. మిల్లీమీటరుకు మించని వేలికొనలవంటి పొడుపులు లక్షలకొలది దట్టముగా నుండును, మఖమలు గుడ్డపై నూగువలె. తినిన యాహారపు సారమును పీల్చునవి యివియే. పైన చెప్పిన పోరాటములో ఈ నూగు అరిగిపోవును. నున్ననైన పేగుపై ఎంత మంచి యాహారము ప్రవహించినను సారము పూర్తిగా పట్టదు. ఇనుము పట్టక పాండురోగము వచ్చును; సున్నము పట్టక ఎముకలు గుల్లబాఱును; క్రొవ్వు పట్టక విరేచనములు జిడ్డుగా నగును; పిల్లలు పెరుగరు. దీనికి సీలియాక్ వ్యాధి యని పేరు. కడుపునకు గ్రీకుభాషలో గల పేరునుండి వచ్చిన మాట యిది.

ఈ వ్యాధి కథ చిత్రమైనది. 1888లో లండనులో శామ్యూల్ గీ యను వైద్యుడు దీనిని చక్కగా వర్ణించి, కుదురుట యనునది ఉన్నచో అది పథ్యమువలననే యని వ్రాసెను. ఏ పథ్యమో ఆయనకు తెలియలేదు. 1924లో అమెరికాలో హాస్ అను నతడు ఇట్టి పిల్లలకు అరటిపండ్లు ప్రధానముగా పెట్టగా వారు కోలుకొనిరి. అరటిపండులో నేదియో మహిమ కలదని లోకము నమ్మెను. మహిమ పండులో లేదు. ఆ పథ్యములో రొట్టె లేకపోవుటలో నున్నది. ఒక మందువలన గుణము కనబడినప్పుడు పెట్టినదానివలన వచ్చెనా, మానినదానివలన వచ్చెనా యని యడుగవలెనని ఈ కథ చదివినప్పుడు నాకు తోచినది.

ఆ ప్రశ్న నడిగినవాడు హాలెండు దేశపు పిల్లల వైద్యుడు విల్లెం డిక్కె. హేగ్ నగరమున పిల్లల యాసుపత్రిలో పనిచేయుచుండగా, రొట్టె మానినప్పుడు తన బిడ్డ బాగుపడుచున్నదని యొక తల్లి చెప్పిన మాటను ఆయన పెడచెవిని పెట్టలేదు. 1930 తరువాతి యేండ్లలోనే గోధుమలేని పథ్యమును పరీక్షింప మొదలుపెట్టెను. 1944-45 చలికాలమున యుద్ధమువలన ఆ దేశమున ఘోరమైన క్షామము వచ్చెను. రొట్టె దొరకక జనులు తులిప్ పూలమొక్కల దుంపలను గూడ తినిరి. దేశమంతయు శుష్కించుచుండగా ఈ వ్యాధిగల పిల్లలు మాత్రము కోలుకొనుట, గోధుమలు తిరిగి వచ్చిన తరువాత మరల క్షీణించుట డిక్కె చూచెను. ఆయన పరిశోధన 1950లో ఉట్రెక్టు విశ్వవిద్యాలయపు సిద్ధాంతగ్రంథముగా వెలువడినది. ఒక తల్లి మాటను వైద్యుడు వినుటచేత ఎన్ని ప్రాణములు నిలిచెనో లెక్కింపలేము.

ఇక మా యింటి సంగతి. మా చిన్నమ్మాయి కాపురము ఢిల్లీలో. దాని కూతురికి ఆఱవయేట కాళ్ళుచేతులు పుల్లలవలె, పొట్ట మాత్రము కుండవలె నుండెడిది. తోడిపిల్లలకంటె జానెడు పొట్టి. ఊరికే విసుగు, ఏడుపు, తఱచు విరేచనములు. నులిపురుగులకు మందులిచ్చిరి, రక్తము పట్టుటకు టానిక్కు లిచ్చిరి. సెలవులకు మా యింటికి వచ్చినప్పుడు మా గృహిణి మూడు పర్యాయములు దిష్టి తీసినది. పిల్ల అన్నము సరిగా తినదని, తల్లి గారాబము చేసినదని నేనును మందలించితిని. తుద కొక వైద్యురాలు రక్తపరీక్ష చేయించి, గొట్టము ద్వారా పేగునుండి ఆవగింజంత ముక్క తీయించి చూపించి, సీలియాక్ అని తేల్చినది. ఉదయము పరాఠా, రాత్రి రొట్టె తిను నగరములో, దినమునకు రెండుమాఱులు ఆ పసిదాని పేగు దెబ్బ తినుచుండినది! దీనికి మందు లేదు, గోధుమయు యవలును జీవితాంతము మానుటయే చికిత్స యని ఆమె చెప్పినది. మానిన నెలలోపలనే విరేచనములు తగ్గినవి. ఏడాదిలో పిల్ల నాలుగు కిలోలు పెరిగినది. నవ్వుట నేర్చినది అని మా అమ్మాయి వ్రాసెను.

ఆ తరువాతి కార్తికమున వారు మా యింటికి వచ్చిరి. ఏటేట మేము సత్యనారాయణస్వామి వ్రతము చేయుదుము. మన ప్రాంతమున ఆ ప్రసాదము గోధుమరవ్వతో చేయుట యాచారము; అన్నవరములో విస్తరాకులో ఇచ్చునదియు నదే కదా. పూజ ముగిసినది. అందఱికిని ప్రసాదము పంచుచు నేను పిల్లవద్దకు వచ్చితిని. అది తల్లివైపు చూచినది. "స్వామి ప్రసాదము కాదనరాదమ్మా, రవ్వంత తినినచో నేమియు కాదు" అంటిని. మా అమ్మాయి నలుగురిలో తండ్రి మాట కెదురాడలేక యూరకుండెను. పిల్ల కన్నుల కద్దుకొని తినినది.

రెండు గంటలలో వాంతులు మొదలైనవి. రాత్రియంతయు వాంతులు, తెల్లవారునప్పటికి విరేచనములు. మూడు దినములు లేవలేదు. నేను మంచము ప్రక్కన కూర్చుండగా ఆ పిల్ల నన్నడిగినది: "తాతయ్యా! స్వామికి నా మీద కోపము వచ్చిందా?" అని. అయ్యలారా! ముప్పదియైదేండ్లు పిల్లల ప్రశ్నలకు సమాధానములు చెప్పినవాడను, ఆ ప్రశ్నకు నోరు పెగలలేదు. మఱునాడు మా అమ్మాయి వంటయింటిలో నాతో మెల్లగా నన్నది: "నాన్నగారూ! ఎవరు పెట్టినా వద్దను, పెద్దవారు పెట్టినా వద్దను అని దానికి ఎనిమిది నెలలు నేర్పించినాను. మీరు పెట్టినారు గనుక తిన్నది." ఇంకేమియు అనలేదు.

రవ్వంత యను మాటలోనే నా తప్పున్నది. షుగరు రోగి రవ్వంత మిఠాయి తినుటయు, సీలియాక్ గలవాడు రవ్వంత గోధుమ తినుటయు ఒకటి కావు. గ్లూటెన్ లేని యాహారమని ముద్రింపవలెనన్నచో కిలోగ్రామునకు 20 మిల్లీగ్రాములకు మించి యుండరాదని మన దేశపు నిబంధన. అనగా కిలో ఆహారములో చిటికెలో నెన్నవవంతో! ఇంకొక సంగతి. ప్రతివారికిని తినగానే వాంతులు కావు. పైకేమియు తెలియకుండ లోపల పేగు చెడుచుండుట గూడ కలదు. ఏమియు కాలేదు కదా యని మరల పెట్టుట అందుచేత మఱింత ప్రమాదము.

ఇది పంజాబు, ఢిల్లీల రోగము, మనకేమని మీరు తలపవచ్చును. 2016లో వెలువడిన యొక పెద్ద పరిశీలనలో మన దేశమున మూడు ప్రాంతముల పెద్దలను, ఇంచుమించు 23,000 మందిని, పరీక్షించిరి. ఉత్తరమున నూటికి 1.23 మందికి, ఈశాన్యమున 0.87 మందికి, దక్షిణమున 0.10 మందికి ఈ వ్యాధి కనబడినది. దక్షిణమున వేయిమందిలో నొక్కరే. ఇంతవఱకు ధైర్యము చెప్పుకొనవచ్చును. కాని అందులోనే మఱియొక లెక్క యున్నది. ఈ వ్యాధికి చోటిచ్చు పుట్టుకగుణము మూడు ప్రాంతములలోను ఇంచుమించు సమానమే! ఎక్కువ తేడా కనబడినది గోధుమలోనే: ఉత్తరమున దినమునకు సగటున 455 గ్రాములు, దక్షిణమున 25 గ్రాములు. గోధుమ యొక్కటే కారణమని తేల్చలేము. ఈశాన్యమున 37 గ్రాములే తినుచున్నను వ్యాధి హెచ్చుగా నున్నది. అయినను విత్తనము మన నేలలో గూడ ఉన్నదని మాత్రము తెలియుచున్నది. నా చిన్ననాడు మా యింట గోధుమరవ్వ జావ జ్వరపడి లేచినవారికి, బొబ్బట్లు పండుగకు. ఇప్పుడు పల్లెలలో సైతము ఉదయము ఉప్మా లేక పూరీ, మధ్యాహ్నము బిస్కత్తులు, రాత్రి చపాతీ. కాబట్టి ఎదగని పిల్ల, ఎన్ని టానిక్కులు త్రాగినను రక్తము పట్టని కోడలు, కారణము తెలియని విరేచనములతో చిక్కిపోవు అఱువదియేండ్ల మనిషి, వీరు కనబడినప్పుడు ఈ వ్యాధి పేరు గూడ వైద్యునికి గుర్తుచేయుడు. ముసలితనమున సైతము ఇది బయటపడవచ్చును. రక్తసంబంధులలో అవకాశము హెచ్చు గనుక మా యింట అందఱమును రక్తమిచ్చితిమి. నాకు లేదని తేలినది.

ఇచ్చట ముఖ్యమైన జాగ్రత్త యొకటి. అనుమానము వచ్చినంతనే గోధుమ మానివేసి, తరువాత పరీక్షకు పోరాదు. గోధుమ తినుచున్నప్పుడే రక్తములో ఆ గుర్తులుండును, పేగులో ఆ గాయముండును. మానినపిమ్మట పరీక్షించినచో ఉన్న వ్యాధియు లేదని తేలవచ్చును. ముందు పరీక్ష, తరువాత పథ్యము.

సీలియాక్ లేకున్నను గోధుమ తినినచో కడుపుబ్బరము, వాయువు అనువారు కొందఱుందురు. వారి బాధ కల్పితము కాదు. అయితే దోషి గ్లూటెన్ కాకపోవచ్చును. గోధుమలో ఫ్రక్టాన్ అను మఱియొక పదార్థము కలదు. అది చిన్నప్రేగులో జీర్ణము కాక పెద్దప్రేగు చేరి అచ్చట సూక్ష్మజీవులచేత పులిసి వాయువు పుట్టించును. నార్వే దేశమున, గ్లూటెన్ పడదని తమంతట మానుకొన్న 59 మందికి ఏది యేదో చెప్పకుండ ఒకప్పుడు గ్లూటెన్, ఒకప్పుడు ఫ్రక్టాన్, ఒకప్పుడు రెండును లేనిది పెట్టి చూచిరి. 2018లో ప్రకటించిన ఫలిత మేమనగా, ఎక్కువ బాధ కలిగినది ఫ్రక్టాన్ తినినప్పుడు. ఈ ఫ్రక్టాన్ నీరుల్లిలోను, వెల్లుల్లిలోను దండిగా నున్నది. కాబట్టి చపాతీ తిన్న రాత్రి కడుపుబ్బినవాడు, చపాతీతోపాటు తినిన ఉల్లిపాయ కూరను గూడ విచారింపవలెను. ఇట్టివారికి మోతాదు తగ్గించిన చాలును. సీలియాక్ వారివలె చిటికె కూడ తగలరాదను నియమము లేదు. గోధుమ తినగానే దద్దురులు, ఆయాసము వచ్చువారి సంగతి వేఱు. అది గోధుమ పడకపోవుటవలన వచ్చు ఎలర్జీ, దానికి వైద్యుని చూడవలసినదే.

ఇక దేహభారము. నా యనుభవము చెప్పినచో మీరు నవ్వుదురు, నవ్వుడు. అఱువది దాటినపిమ్మట నా బరువు 78 కిలోలైనది. తగ్గవలెనని వైద్యుడు చెప్పగా రాత్రి అన్నము మాని చపాతీలు పట్టితిని. మూడు నెలలు నిష్ఠగా తింటిని. బరువు 79 దాటినది! గోధుమపై నాకు కోపము వచ్చినది. మా గృహిణి, బడి మొగము చూడకున్నను లెక్కలలో నన్ను మించినది, ఒకనాడు పిండిని తూచి చూపినది. ఆఱు చపాతీలకు 200 గ్రాముల పిండి. ఒక్కొక్కదానికి చెంచా నూనె. ప్రక్కన బంగాళాదుంప కూర. పూర్వము నేను రాత్రి తిను అన్నమునకు పట్టెడు బియ్యము 80 గ్రాములు. నూఱు గ్రాముల బియ్యములో గాని గోధుమపిండిలో గాని కొంచె మిటునటుగా 350 కేలరీలే యుండును. అనగా 280 కేలరీల అన్నము మాని, పిండికి 700, నూనెకు 270, వెరసి 970 కేలరీల చపాతీలు తిని ఉపవాసము చేయుచున్నానని నేను తలంచితిని. ఇప్పుడు నూనె లేకుండ రెండు పుల్కాలు, గిన్నెడు బీరకాయ కూర. 73కు దిగితిని.

అట్లని గోధుమకు సుగుణము లేదని కాదు. పొట్టుతో విసరిన పిండిలో నూటికి సుమారు 11 పాళ్ళు పీచు. తెల్లని బియ్యములో 3 పాళ్ళు. పీచువలన ఆకలి త్వరగా తీరును, విరేచనము సుఖముగా నగును. కాని ఆ పీచు మైదాలో పోయినది, బొంబాయి రవ్వలో పోయినది. పూరీ, పరోటా, బిస్కత్తు తినుచు గోధుమ తినుచున్నామనుకొనుట తగదు. షుగరు గలవారికి మఱియొక మాట: చపాతీలోనిదియు పిండిపదార్థమే, అదియు చక్కెరగానే మాఱును. ఎన్ని తింటిమను లెక్క అన్నమునకెంత యవసరమో చపాతీకి నంతే యవసరము.

మఱి గోధుమ మానిన మనుమడు ఎందుకు తగ్గినాడు? జిగురు మానుటచేత గాదు. గోధుమ మానుటతో బిస్కత్తులు, కేకులు, నూడుల్సు, సమోసాలు అన్నియు ఒక్క వేటున పోయినవి. 2019లో అమెరికా ప్రభుత్వపు పరిశోధనాలయములో 20 మందిని రెండేసి వారములు, యంత్రములలో తయారైన తినుబండారములపై నొకమాఱు, ఇంటివంటవంటి యాహారముపై నొకమాఱు ఉంచి, ఇష్టము వచ్చినంత తినుడనిరి. మొదటి రకము పెట్టినప్పుడు దినమునకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిని బరువు పెరిగిరి. దోషము ధాన్యముది కాదు, దానిని మనము చేసిన రూపముది. గ్లూటెన్ లేనివని ముద్రవేసి అంగడిలో అమ్ము బిస్కత్తులలోను చక్కెరయు క్రొవ్వును తక్కువ యుండవు, ధర మాత్రము రెండింతలు మూడింతలు. పైగా సీలియాక్ గలవాడు గోధుమ మానినచో బరువు పెరుగును, మా మనుమరాలివలె. పేగు బాగుపడి తినినది ఒంటబట్టుటయే దానికి కారణము.

చరకుడు గోధుమను గురువనియు, దేహమునకు పుష్టినిచ్చుననియు చెప్పెను. వాగ్భటుడు వసంతఋతువులో కఫము తగ్గుటకు పాత యవలు, పాత గోధుమలు తినుమనెను. ఒకే ధాన్యము, క్రొత్తదైనచో ఒక గుణము, నిలువయైనచో వేఱొక గుణము. ఈ వివేకము నాకు నచ్చును. అంతేకాని గ్రహణీరోగ వర్ణనమును చూపి మన పూర్వులు గ్లూటెన్ సంగతి ముందే యెఱుగుదురని చెప్పుట నాకు సమ్మతము కాదు. ఎఱిగియుండినచో నా మనుమరాలికి మూడేండ్లు నులిపురుగుల మందు పోయనక్కఱ లేకపోయెడిది.

సీలియాక్ గల బిడ్డ ఇంటనున్న పెద్దలకు కొన్ని మెలకువలు. అంగడిలో దొరకు ఇంగువపొడిలో చాలవాటియందు గోధుమపిండియో మైదాయో కలిపియుండును. పులిహోర తినిన పిల్లకు కడుపునొప్పి యెందుకు వచ్చెనో మాకు చాలకాలము తెలియలేదు. మాల్టు కలిసిన పాలపొడులలో యవలుండును. సేమియా, రవ్వదోసె, కాజా, కజ్జికాయ పనికిరావు. అరిసెలు, సున్నుండలు, పూతరేకులు, సకినాలు, గారెలు నిర్భయముగా పెట్టవచ్చును. మన పండుగలలో ఈ బిడ్డలకు లోటేమియు లేదు. ఊరి పిండిమరలో మాత్రము ముందు గోధుమలు పట్టి, వెనువెంట మన జొన్నలు పట్టుదురు. ఆ జొన్నపిండిలో మొదటి దోసెడు గోధుమపిండియే. అందుచేత మేము బియ్యము కడిగి ఆరబెట్టి ఇంటనే విసరుకొందుము. పెనమును, అట్లకాడయు వేఱు.

ఆ కార్తికమున పిల్ల తేఱుకొన్న తరువాత, నాకు నిద్రపట్టక వ్రతకల్పము తీసి చూచితిని. ఇరుగుపొరుగుల యిండ్లలో ఎన్ని పర్యాయములు చదివితినో లెక్కలేదు. ప్రసాదమునకు గోధుమపిండి చెప్పినచోటనే, అది లేనిచో బియ్యపుపిండి, చక్కెర లేనిచో బెల్లము అని స్పష్టముగా నున్నది. ఇన్నాళ్ళును నేను దానిని పేదవారికొఱకు చెప్పిన మాటగా చదివి దాటిపోయితిని. మఱునాడు మా పురోహితునకు చూపితిని. ఆయన కండ్లజోడు సవరించుకొని రెండుమాఱులు చదివి, "పంతులుగారూ! ఇందులో సందేహమేమున్నది?" అనిరి.

అప్పటినుండి మా యింట ప్రసాదము బియ్యపురవ్వతో, బెల్లముతో, నేతితో. వచ్చిన బంధువులలో ఒకరిద్దఱు రుచి వేఱుగా నున్నదేమని యడుగుదురు. మొదటి దొన్నె మా మనుమరాలిది. పదవయేడు నడచుచున్నది, పంచుపని గూడ ఇప్పుడు దానిదే.